గేజి ఉన్న చేతి వాక్యూమ్ పంపు: నాలుగేండ్ల వాడకం తర్వాత

నల్లగొండలో మిర్యాలగూడ రోడ్డు మీద నాకు చిన్న కార్ల షెడ్డు ఉంది. పెట్రోలు ట్యాంకులో పుట్టే ఆవిరిని చార్కోల్ క్యానిస్టర్, అంటే బొగ్గు నింపిన డబ్బా, పట్టి ఉంచుతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ ఆవిరిని లోపలికి వదిలేది పర్జ్ వాల్వ్. ముఖ్యంగా ఆ వాల్వ్‌ను పరీక్షించడానికే, చేత్తో నొక్కితే గాలిని లాగేసి ఎంత లాగిందో ముల్లుతో చూపే ఈ పంపును నాలుగేండ్ల కిందట 1,800 రూపాయలకు కొన్నాను.

అంతకుముందు మా పరీక్ష మల్టీమీటర్‌తో మొదలై దాదాపు దానితోనే ముగిసేది. వాల్వ్‌లోని కాయిల్ (తీగచుట్ట) 30 ఓముల దగ్గర చూపి, బ్యాటరీ తగిలించగానే వాల్వ్ టిక్కుమంటే బాగుందని తిరిగి బిగించేవాళ్లం. ఆ రెండూ కరెంటు సంగతి చెబుతాయే తప్ప, మూసుకోవలసిన వాల్వ్ పూర్తిగా మూసుకుందో లేదో చెప్పవు. ఈ రకం వాల్వ్ కరెంటు లేనప్పుడు గాలి చొరకుండా ఉండాలి, 12 వోల్టులు అందినప్పుడే తెరుచుకోవాలి.

దేవరకొండ నుంచి వచ్చిన ఒక కారు ట్యాంకు నింపిన ప్రతిసారీ స్టార్టు కావడానికి సతాయించేది. వేరేచోట అప్పటికే ప్లగ్గులు, ఫ్యూయల్ పంపు మార్పించుకొని వచ్చారు. కాయిల్ 29 ఓములు చూపింది, చప్పుడు స్పష్టంగా ఉంది. వాల్వ్‌కు ఇంజన్ వైపు ఉన్న మూతికి పంపు తగిలించి గేజి మీద 50 సెంటీమీటర్ల (పాదరసం లెక్కన) వరకు లాగితే, ముల్లు ఒక్కసారిగా పడిపోకుండా నిమిషం గడిచేసరికి మెల్లగా 20కి జారింది. వాల్వ్‌ను విప్పి తెల్లగుడ్డ మీద తట్టగా ఆవగింజ కంటే సన్నని బొగ్గు రవ్వలు నాలుగైదు రాలాయి. క్యానిస్టర్‌లోని బొగ్గు విడిపోయి వాల్వ్ సీటులో, అంటే అది మూసుకునే చోట, ఇరుక్కుందన్న మాట. వాల్వ్ ఒక్కటే మార్చి ఉంటే కొత్తదానికీ అదే గతి పట్టేది కాబట్టి, ఖర్చు ఎక్కువైనా యజమానిని ఒప్పించి రెండూ మార్చాను.

వేడి మీద చేసే పరీక్షను కూడా ఈ పంపుతోనే అలవాటు చేసుకున్నాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ముల్లును నిలబెట్టిన వాల్వే, మా మే నెల ఎండలో బండి తిరిగి వచ్చాక జార్చడం చాలాసార్లు చూశాను. అప్పుడు కాయిల్ కొలత పెరిగిందని మాత్రం కంగారు పడవద్దు. రాగి తీగ గనుక 20 డిగ్రీల వద్ద 30 ఓములు చూపేది 90 డిగ్రీల వద్ద 38 దాకా చూపుతుంది.

పంపులో లోపాలు లేకపోలేదు. దానితో వచ్చిన రబ్బరు గొట్టం రెండో ఎండాకాలానికే బిరుసెక్కి మూతుల దగ్గర చీలింది. సిలికాన్ గొట్టం వేశాక ఆ బాధ తప్పింది. లోపలి కప్పు వాషరు ఎండిపోతే పంపే గాలి పీల్చుకొని మంచి వాల్వ్ మీద నింద వేస్తుంది. అందుకే ప్రతి పరీక్షకు ముందు గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెట్టి ముల్లు నిలుస్తుందో లేదో చూస్తాను. గేజి మీద 76 వరకు గీతలు ఉన్నా మన దగ్గర ముల్లు అంతదూరం పోదు. నల్లగొండ సముద్రమట్టానికి ఎత్తున ఉంది, ఇక్కడి గాలి ఒత్తిడే 76 సెంటీమీటర్ల కంటే తక్కువ. దాన్ని పంపు లోపమనుకొని వాపసు చేయవద్దు.

మొన్న మూడో వాషరు వేసి, సిలికాన్ గ్రీజు రాసి, వేలు అడ్డం పెట్టి 60 దాకా లాగాను. ఐదు నిమిషాల తర్వాత చూసినా ముల్లు ఆ గీత మీదే ఉంది.