ఇస్తాంబుల్ వెళ్తున్నారా? సుల్తానహ్మెట్‌లో ‘స్కిప్ ది లైన్’ ప్యాకేజీల జోలికి వెళ్ళకండి

అమెరికా వెళ్తూ వస్తూ ఇస్తాంబుల్‌లో ఒకటి రెండు రోజులు ఆగే మనవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. అందుకే రాస్తున్నాను. పాత ఊరి భాగమైన సుల్తానహ్మెట్‌లో, హాగియా సోఫియా అనే పురాతన కట్టడం బయట మైదానంలో టికెట్లు అమ్మేవాళ్ళ దగ్గర ఏమీ కొనకండి.

ట్రామ్ దిగి నాలుగడుగులు వేసేసరికి మెడలో కార్డులు వేసుకున్న కుర్రాళ్ళు చుట్టుముడతారు. మన మొహాలు చూడగానే "ఇండియా? నమస్తే! షారుఖ్ ఖాన్!" అని మొదలుపెట్టి, పొడుగాటి క్యూ చూపించి "రెండు గంటలు పడుతుంది, మా టికెట్ ఉంటే నేరుగా లోపలికే" అంటారు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. అదే చెప్పి మరీ అడిగాం. ఏం ఇబ్బంది లేదన్నారు. మనిషికి 75 యూరోలు, హాగియా సోఫియా, బ్లూ మాస్క్ అనే మసీదు, హిప్పోడ్రోమ్ మూడూ గైడుతో సహా.

ఇప్పుడు లెక్క చూడండి. బ్లూ మాస్క్‌కి అసలు టికెట్టే లేదు. నమాజు వేళలు తప్పించి ఎవరైనా ఉచితంగా వెళ్ళొచ్చు. హిప్పోడ్రోమ్ ఒకప్పుడు రథాల పందేలు జరిగిన చోటు. ఇప్పుడది గేటూ గోడా లేని మైదానం. ఈజిప్టు నుంచి తెచ్చిన రాతి స్తంభం చుట్టూ పిల్లలు ఆడుకుంటుంటారు, అడిగేవాడు లేడు. ఇక మిగిలింది హాగియా సోఫియా. 2024 జనవరి నుంచి విదేశీ టూరిస్టులకు 25 యూరోలు. మా చేతిలో పెట్టిన టికెట్ మీదా 25 అనే అచ్చయి ఉంది! ఇదేంటని అడిగితే గైడు "సర్వీస్ చార్జి" అన్నాడు.

ఆ సర్వీసు ఏంటంటే, చెట్టు కింద నిలబెట్టి కాసేపు చరిత్ర చెప్పడం. 537లో జస్టీనియన్ చక్రవర్తి చర్చిగా పూర్తి చేయించాడు, 1453లో మసీదయింది, తర్వాత మ్యూజియం చేశారు, 2020లో మళ్ళీ మసీదు చేశారు. ఈ ముక్కలు ఫోన్‌లో వెతికినా దొరుకుతాయి. లోపలికి తను రాడట, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసుకుని వినమన్నాడు.

మరి క్యూ? టికెట్ కౌంటర్ లైను తప్పింది గానీ సెక్యూరిటీ చెకింగ్ లైను ఎవరికీ తప్పదు. ఎండలో నాన్నగారు అందరితోపాటే నిలబడ్డారు. పైగా టూరిస్టులను పై గ్యాలరీకే పంపుతారు, కింది హాలు నమాజు చేసుకునేవాళ్ళకి. పైకి రాళ్ళు పరిచిన ఏటవాలు దారి, ఆ రాళ్ళు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. మోకాళ్ళ సంగతి చెప్పాక కూడా ఆ దారి గురించి ఒక్క మాట అనలేదే అన్నదే నాకు డబ్బు కంటే ఎక్కువ మంట. ఇంతా చేసి, పైన సగం రాలిపోయిన మొజాయిక్‌లో క్రీస్తు ముఖం చూస్తూ ఆయన చాలాసేపు అలాగే ఉండిపోయారు. చూడాల్సిన చోటే, అందులో సందేహం లేదు. 25 పెట్టి చూడండి.

టూర్ ముగిసింది ఎక్కడనుకున్నారు? తివాచీల షాపులో. ఆపిల్ టీ ఇచ్చి, ఒక్కో తివాచీ విప్పి పరుస్తూ పోతారు. టీ తాగారు కదా అని మొహమాటపడక్కర్లేదు, లేచి వచ్చేయండి.

ఇంకొన్ని. చాలా మ్యూజియాలకు కలిపి ఇచ్చే మ్యూజియం పాస్ హాగియా సోఫియాలో గానీ, నేల కింద 336 స్తంభాలతో ఉన్న పాత నీటి తొట్టి బసిలికా సిస్టర్న్‌లో గానీ చెల్లదు, "అన్నీ కవర్ అవుతాయి" అంటే నమ్మకండి. టోప్‌కాపీ ప్యాలెస్‌కి మంగళవారం సెలవు, గ్రాండ్ బజార్‌కి ఆదివారం. శుక్రవారం మధ్యాహ్నం మసీదుల ప్లాన్ పెట్టుకోవద్దు. తలకు కప్పుకోవడానికి మన చున్నీ చాలు, గేటు దగ్గర కొనక్కర్లేదు. బూట్ పాలిష్ అతను ముందు నడుస్తూ బ్రష్ జారవిడిస్తే తీసి ఇవ్వకండి. థాంక్స్ అంటూ మీ బూట్లు తుడిచేసి డబ్బులడుగుతాడు.

గైడు కావాలంటే అక్కడి పర్యాటక శాఖ ఇచ్చిన లైసెన్స్ కార్డు చూపించమనండి. టికెట్ ఎంత, తన ఫీజు ఎంత అని విడివిడిగా చెప్పించుకోండి. విడగొట్టి చెప్పనంటే అక్కడే వదిలేయండి. పేచీ వస్తే టూరిజం పోలీసు ఆఫీసు ఆ మైదానం పక్కనే, సిస్టర్న్ ఉన్న వీధిలోనే ఉంది.