మోటారు వెయ్యాలా వద్దా: హోమ్ అసిస్టెంట్‌తో నాలుగేళ్లు

మా ఇంట్లో మోటారు వేసే పని, ఇంటి పరికరాలను నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన హోమ్ అసిస్టెంట్‌కి అప్పజెప్పి నాలుగేళ్లు దాటింది. లైట్లు, ఫ్యాన్ల ఆటోమేషన్ ఎలా రాసినా నడిచిపోతుంది. వెలగకపోతే లేచి స్విచ్ వేసుకుంటాం, అంతే. మోటారుతో ఆ వేషాలు కుదరవు. వెయ్యాల్సినప్పుడు వెయ్యకపోతే పొద్దున్నే స్నానాలు ఆగిపోతాయి. సంపు ఖాళీగా ఉన్నప్పుడు వేస్తే మోటారే కాలుతుంది. అందుకే ఇక్కడ రాసేదంతా ఆ ఒక్క మోటారు గురించే, అందులోనూ దాని షరతుల గురించే.

హైదరాబాద్‌లో రెండంతస్తుల ఇల్లు. కింద సంపు, పైన వెయ్యి లీటర్ల ట్యాంకు, మధ్యలో 1 హెచ్‌పీ మోటారు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు. సంపుకొకటి, ట్యాంకుకొకటి నీటి మట్టం చూసే అల్ట్రాసోనిక్ సెన్సర్లు, ఈఎస్‌పీహోమ్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డులు, మోటారు లాగే కరెంటు కొలిచే మీటరు ఒకటి. ఇవన్నీ హోమ్ అసిస్టెంట్ నడిచే చిన్న కంప్యూటరు రాస్ప్‌బెర్రీ పై 4కి చెబుతుంటాయి. మోటారుకు చిన్న రిలే చాలదని ఎలక్ట్రీషియన్ కాంటాక్టర్ (పెద్ద కరెంటును తట్టుకునే స్విచ్) పెట్టాడు, మంచి పని చేశాడు.

మొదట రాసిన ఆటోమేషన్ చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. ట్యాంకు 30 శాతం కన్నా తగ్గాలి. సంపులో 20 శాతం పైన ఉండాలి. ఇన్వర్టర్ మీద కాకుండా లైన్ కరెంటు ఉండాలి. రాత్రి పదినుంచి ఐదు దాకా వద్దు, పైవాటా వాళ్లకు నిద్ర చెడుతుంది. కానీ నీళ్లొచ్చే రోజైతే రాత్రయినా ఫరవాలేదు. కానీ ట్యాంకు కడుగుతుంటే ఎప్పుడైనా వద్దు. ఒక్కో 'కానీ'కి లోపల ఇంకో ఛూజ్ (ఉన్న దారుల్లో ఒకటి ఎంచుకునే ఆదేశం), దాని లోపల మరొకటి. ఛూజ్ 2020 జులైలో 0.113 వెర్షన్‌తో వచ్చింది. పైనుంచి చూసుకుంటూ మొదట కుదిరిన దారిలోకే వెళ్తుంది, కింద ఇంకా సరైనది ఉన్నా పట్టించుకోదు. ఒకదాని లోపల ఒకటిగా నాలుగు పొరలయ్యాక ఏది ముందు రాశానో నాకే గుర్తుండేది కాదు. 2022 మేలో ఇఫ్-దెన్ ('ఇలా అయితే ఇది చెయ్యి') వచ్చాక అంతా దాంట్లోకి మార్చాను. చదవడానికి హాయిగా ఉంది, చిక్కుముడి మాత్రం అలాగే ఉంది.

అసలు దెబ్బ వేరేచోట తగిలింది. ఓ రాత్రి కరెంటు పోయి ఉండగా ట్యాంకు 31 శాతం నుంచి 29కి దిగింది. ఆటోమేషన్‌ను లేపేది ట్రిగ్గర్. నేను వాడిన న్యూమరిక్ స్టేట్ ట్రిగ్గర్ అంకె ఆ 30 గీత దాటిన క్షణంలోనే మోగుతుంది. మోగింది, షరతులు చూసింది, కరెంటు లేదు, ఊరుకుంది. తర్వాత కరెంటొచ్చింది గానీ గీత మళ్లీ దాటలేదు కదా! పొద్దున్న నాన్న బకెట్‌తో నిలబడి, "ఏరా, నీ కంప్యూటరు ఇంకా లేవలేదా?" అన్నారు. నేనేం చేశాను? కరెంటు రావడానికో ట్రిగ్గర్, సంపు నిండడానికో ట్రిగ్గర్, ఉదయం ఐదింటికి మరోటి చేర్చాను. 2021 జులై నుంచి ట్రిగ్గర్లకు ఐడీలు పెట్టుకోవచ్చు కాబట్టి, ఏ ఐడీ వస్తే ఏం చెయ్యాలో మళ్లీ ఛూజ్. స్క్రిప్టు 160 లైన్లకు చేరింది.

రెండో ముచ్చట ఇంకా సిగ్గుచేటు. టెంప్లేట్‌లో (విలువలు లెక్కగట్టే చిన్న సూత్రం) సెన్సర్ చెప్పినదాన్ని అంకెగా మార్చే ఫ్లోట్‌కి డిఫాల్ట్, అంటే ఏమీ అందనప్పుడు వాడే విలువ, ఇవ్వకపోతే, సెన్సర్ అందనప్పుడు ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ నోరు మూయించడానికి డిఫాల్ట్ సున్నా అని రాసేశాను. ఓ మధ్యాహ్నం ట్యాంకు సెన్సర్ వైఫై నుంచి జారిపోయింది. అందడం లేదు అన్నది కాస్తా సున్నా శాతం అయింది, అంటే ట్యాంకు ఖాళీ, అంటే మోటారు వెయ్యి! పైవాటా ఆంటీ కిటికీలోంచి, "బాబూ, ట్యాంకు పొర్లిపోతోంది, మోటారు కట్టెయ్యండి" అని కేకేస్తే గానీ తెలియలేదు. తప్పు పూర్తిగా నాదే. 'తెలియదు'కీ 'లేదు'కీ తేడా చెరిపేసింది నా చేతి సున్నానే.

ఆ ఆదివారం అంతా తీసేసి మళ్లీ రాశాను. ఈసారి మోటారు జోలికి పోకుండా ముందు ప్రశ్నలు రాసుకున్నాను. ట్యాంకుకు నీళ్లు కావాలా? సంపులో ఉన్నాయా? కరెంటు లైన్‌దేనా? ఈ వేళ వెయ్యొచ్చా? ఒక్కో ప్రశ్నా ఒక టెంప్లేట్ బైనరీ సెన్సర్, అంటే సూత్రంతో లెక్కేసి అవును, కాదు అని మాత్రమే చెప్పేది. మొదటిది 30 కిందికి దిగితే అవును, 95 దాటితే కాదు, మధ్యలో ఉంటే ముందున్న జవాబునే పట్టుకుని ఉంటుంది. సెన్సర్ అందకపోతే సున్నా కాదు, అన్‌అవైలబుల్ (అందడం లేదు). వీటన్నిటి మీదా ఒకే ఒక్క పెద్ద సెన్సర్: 'మోటారు వెయ్యొచ్చా'. అన్ని జవాబులూ స్పష్టంగా అవునైతేనే ఇదీ అవును. టెంప్లేట్‌లో పేరున్న ఏది మారినా అది తనంతట తానే మళ్లీ లెక్కేసుకుంటుంది, గడియారం చూసే టెంప్లేట్ అయితే నిమిషానికోసారి. కరెంటు ముందొచ్చినా నీళ్లు ముందొచ్చినా బాధ లేదు. ఆటోమేషన్‌లో మిగిలింది రెండే: అది ఆన్ అయితే మోటారు వెయ్యి, ఆన్ కాకపోతే ఆపు.

ప్రశ్నలన్నీ అవుననే వైపు పెట్టడం ఇంకో సుఖం. ఇదివరకు 'రాత్రి కాకపోతే, లేదా నీళ్ల రోజు కానిది కాకపోతే' అని ఉండేది, నేనే వేళ్ల మీద లెక్కేసుకునేవాణ్ని.

2021 ఏప్రిల్‌లో వచ్చిన ట్రేస్‌లు (ఆటోమేషన్ ఒక్కో పరుగు రికార్డు) బాగుంటాయి, ఏ షరతు దగ్గర ఆగిందో బొమ్మ వేసి చూపిస్తాయి. మామూలుగా చివరి ఐదు పరుగులే దాస్తుంది, పెంచుకోవచ్చు. కానీ ట్రిగ్గరే మోగకపోతే ట్రేసూ ఉండదు. 'ఎందుకు వెయ్యలేదు' అనే ప్రశ్నకు నాకు జవాబిచ్చింది చిన్న సెన్సర్ల హిస్టరీయే. దానికి తోడు 'కారణం' అని ఒక టెక్స్ట్ సెన్సర్ పెట్టాను: 'సంపులో నీళ్లు లేవు', 'కరెంటు లేదు', 'రాత్రి వేళ'. పేర్లు తెలుగులో శుభ్రంగా కనిపిస్తాయి. ఎంటిటీల (ఒక్కో సెన్సరూ, స్విచ్చూ ఒక ఎంటిటీ) ఐడీలకు మాత్రం ఇంగ్లీషు అక్షరాలు తప్పవు. ఇప్పుడు నాన్న నన్ను అడగడం మానేసి ఫోనే చూసుకుంటున్నారు.

ఒక్క షరతును మాత్రం హోమ్ అసిస్టెంట్‌లోంచి బయటికి లాగేశాను. మోటారు నడుస్తుండగా రాస్ప్‌బెర్రీ పై ఆగిపోతే ఆపేవాడెవడు? అందుకని 40 నిమిషాలు దాటినా, నీళ్లు లేక మోటారు లాగే కరెంటు పడిపోయినా ఆపేసే పని ఈఎస్‌పీ32 బోర్డులోనే రాశాను. వైఫై ఉన్నా లేకపోయినా అది తన పని తాను చేస్తుంది.

ఆటోమేషన్లను తీగలతో కలిపిన డబ్బాల్లా గీసే నోడ్-రెడ్ కూడా ఓ మూణ్నెల్లు వాడాను. తీగలు చూడ్డానికి ముచ్చటే, అయితే నా 'కానీ'లు అక్కడా అలాగే పెరిగాయి, బొమ్మల్లో.

హోమ్ అసిస్టెంట్‌కి అయిదుకి నాలుగు ఇస్తాను. టెంప్లేట్లు రాసే భాష జింజా నేర్చుకోక తప్పదు గనక ఒకటి తగ్గించాను. డెవలపర్ టూల్స్‌లోని టెంప్లేట్ పేజీలో రాస్తూ ఉంటే జవాబు పక్కనే కనిపిస్తుంది, నేను నేర్చుకున్నది అక్కడే. ఒక్క మోటారుకు పదకొండు ఎంటిటీలు తయారయ్యాయని మా తమ్ముడు ఎగతాళి చేస్తాడు. చెయ్యనీ.

ట్యాంకర్ వచ్చే రోజు మాత్రం ఇంకా చేతి పనే. సంపులో మడ్డి తేరుకునేదాకా ఓ గంట ఆగాలని నాన్న పట్టు. ట్యాంకర్ నీళ్లకూ నల్లా నీళ్లకూ తేడా సెన్సర్‌కు తెలియదు. నాన్నే ఫోనులో 'ఇప్పుడు వద్దు' నొక్కి, గంట తర్వాత సంపు మూత తీసి తొంగి చూసి, మళ్లీ నొక్కుతారు.