రిక్రూటింగ్ సర్వీసు రెండేళ్లకు పైగా వాడాక: ఆ పచ్చ చుక్కను నమ్మకండి

పిల్లలను టెన్నిస్ జట్టులోకి తీసుకోమని అమెరికా కాలేజీ కోచ్‌లకు మెయిళ్లు పంపిపెట్టే సర్వీసు తీసుకోవాలా వద్దా అని అకాడమీలో తల్లిదండ్రులు నన్ను తరచూ అడుగుతున్నారు. మా అమ్మాయి 2025 ఆగస్టులో అక్కడ కాలేజీలో చేరి, జట్టులో టెన్నిస్ ఆడుతోంది. అందుకని మాకు అన్నీ తెలుసనుకుంటారు. ప్రొఫైల్ పేజీ, కాలేజీల జాబితా, మెయిల్ నమూనాలు, నెలకోసారి సలహాదారు ఫోన్ కాల్ ఏ సర్వీసులోనైనా ఉండేవే కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. నేను రాసేది ఒక్క ఫీచర్ గురించే. పంపిన ప్రతి మెయిల్ పక్కనా ఒక చుక్క ఉంటుంది. మామూలుగా బూడిద రంగులో ఉండే ఆ చుక్క, కోచ్ మెయిల్ తెరవగానే పచ్చగా మారుతుందని చెబుతారు. దాని మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు.

అమ్మాయి పదో తరగతిలో ఉండగా సర్వీసు తీసుకున్నాం. మెయిళ్లు మన సాయంత్రం ఆరింటికి పంపమన్నారు. అప్పుడు అమెరికా తూర్పు తీరంలో చలికాలమైతే పొద్దున ఏడున్నర, ఎండాకాలమైతే ఎనిమిదిన్నర అవుతుంది. కోచ్ ఆఫీసుకు వచ్చేసరికి మన మెయిల్ పైనే కనబడుతుంది. ఇది నిజంగా మంచి సలహా, ఇప్పటికీ అందరికీ చెబుతాను. ఆరుంపావుకల్లా నాలుగైదు చుక్కలు పచ్చబడేవి. అమ్మాయి ప్రాక్టీసు నుంచి వచ్చి కిట్ బ్యాగ్ కింద పెట్టకముందే “అమ్మా, ఎన్ని పచ్చబడ్డాయి?” అని అడిగేది. మొదట్లో ఇల్లంతా సంబరంగా ఉండేది.

పోనుపోను అదే బెంగ అయింది. బూడిద చుక్క ఉంటే ‘ఇంకా చూడలేదు’ అని సర్దుకోవచ్చు. పచ్చ చుక్క ఉండి జవాబు లేకపోతే? “చదివి కూడా రాయలేదంటే నా ఆట నచ్చలేదన్నమాటే కదమ్మా” అనేది. పదిహేనేళ్ల పిల్ల రోజూ సాయంత్రం ఒక వరుస చుక్కలు చూసి, అంతమంది తనను వద్దనుకున్నారని తేల్చుకునేది. మర్నాడు కోర్టులో ఆ దిగులు కనబడేదని వాళ్ల కోచ్ గారు కూడా అన్నారు.

ఆ జవాబులు రాకపోవడానికి అసలు కారణం నియమాల్లోనే ఉంది. అక్కడ కాలేజీ ఆటలను నడిపే పెద్ద సంఘం ఎన్‌సీఏఏ. అందులో పై స్థాయి అయిన డివిజన్ 1 టెన్నిస్ కోచ్‌లు పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 వరకు రిక్రూటింగ్ గురించి పిల్లలకు రాయకూడదు. అంతకుముందు పంపగలిగేది వివరాలు నింపే ప్రశ్నావళి, క్యాంపుల సమాచారం లాంటివే. అంటే మా అమ్మాయి మెయిల్ ఎంత నచ్చినా 2023 జూన్ 15 దాకా నోరు విప్పే వీల్లేదు. ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వని డివిజన్ 3 కాలేజీల కోచ్‌లకు ఆ అడ్డు లేదు, ఎప్పుడైనా రాయొచ్చు. ఈ రెండు రకాల కాలేజీలనూ ఒకే వరుసలో పెట్టి, ఒకే చుక్క చూపిస్తే పిల్లలకు ఏం అర్థమవుతుంది? సర్వీసువాళ్లకు ఈ నియమం తెలియకపోవడం ఉండదు. చుక్క పక్కన ‘ఈయన ఫలానా తేదీ దాకా జవాబు రాయకూడదు’ అని ఒక్క వాక్యం పెడితే మా ఇంట్లో ఎన్నో సాయంత్రాలు ప్రశాంతంగా గడిచేవి.

అసలు గొడవ ఇంటర్ ఫస్టియర్‌లో జరిగింది. అమెరికా మధ్య ప్రాంతంలోని ఒక డివిజన్ 1 కాలేజీకి మెయిల్ వెళ్లిన నిమిషంలోనే చుక్క పచ్చబడింది. పైగా ‘లింకులు చూశారు’ అని కూడా వచ్చింది. మ్యాచ్ వీడియో, మార్కుల మెమో, టోర్నమెంట్ల పట్టిక, చివరికి సంతకం కింద ఉన్న అకాడమీ వెబ్‌సైటు, అన్నీ క్లిక్ అయ్యాయి. మర్నాడు మళ్లీ అన్నీ. మా ఆయన ఆ రాత్రి నిద్రపోలేదు. ఆ యూనివర్సిటీ ఊరు మ్యాప్‌లో వెతికి, చలి ఎంత ఉంటుందో కూడా చూశారు. సలహాదారుకు ఫోన్ చేస్తే, “చాలా గట్టి ఆసక్తి ఇది, మీరు పై ప్యాకేజీకి మారితే మేమే కోచ్‌తో మాట్లాడతాం” అన్నాడు. వారాలు గడిచినా కోచ్ నుంచి ఒక్క అక్షరం రాలేదు, చుక్క మాత్రం పచ్చగానే ఉంది.

ఒక ఆదివారం మా అక్క కొడుకు భోజనానికి వచ్చాడు. వాడు గచ్చిబౌలిలో ఒక కంపెనీలో మెయిల్ సెక్యూరిటీ పని చేస్తాడు. లాప్‌టాప్ ముందు కూర్చుని క్లిక్ అయిన సమయాలు చూసి, “పిన్నీ, నాలుగు లింకులూ ఒకే సెకనులో నొక్కారు. మనిషి వల్ల అవుతుందా ఇది?” అన్నాడు. పెద్ద యూనివర్సిటీల్లో బయటినుంచి వచ్చే మెయిల్‌ను ముందు ఒక ఫిల్టర్ పరీక్షిస్తుందట. లింకుల వెనక వైరస్ ఏమైనా ఉందేమోనని అదే వాటిని తెరిచి చూస్తుంది. కోచ్ దాకా మెయిల్ చేరకముందే మనకు ‘లింకులు చూశారు’ అని వచ్చేస్తుంది.

పచ్చ చుక్క సంగతీ అప్పుడే చెప్పాడు. మెయిల్‌లో కంటికి కనబడనంత చిన్న బొమ్మ ఒకటి పెడతారు. మెయిల్ తెరిస్తే ఆ బొమ్మ సర్వీసువాళ్ల సర్వర్ నుంచి లోడ్ అవుతుంది, దాన్నిబట్టి ‘తెరిచారు’ అని లెక్క వేస్తారు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో ప్రైవసీ రక్షణ తెచ్చింది. అది ఆన్‌లో ఉంటే మనిషి మెయిల్ తెరిచినా తెరవకపోయినా ఆ బొమ్మలు ముందే లోడ్ అయిపోతాయి. అటువైపు బొమ్మలు అడిగాకే చూపించేలా సెట్టింగ్ పెట్టుకున్నవాళ్లు మెయిల్ మొత్తం చదివినా చుక్క బూడిదగానే ఉండిపోతుంది. నేను నమ్మలేదు. వాడు తన ఐఫోన్‌కు మా సర్వీసు నుంచే ఒక మెయిల్ పంపించి, ఫోన్ చార్జింగ్‌కు పెట్టి టేబుల్ మీద వదిలేశాడు. పెరుగన్నం తినేలోపు చుక్క పచ్చబడింది. ఫోన్‌ను ఎవరూ ముట్టుకోలేదు.

సర్వీసువాళ్లకు ఈ సంగతంతా రాస్తే, “అది అంచనా మాత్రమే” అని జవాబిచ్చారు. తెర మీద మాత్రం ‘కోచ్ మీ మెయిల్ చదివారు’ అనే ఉంది. అంచనా అయితే అంచనా అనే రాయాలి. పై ప్యాకేజీ అమ్మడానికి దాన్నే రుజువుగా చూపించడం నాకు అస్సలు నచ్చలేదు.

ఆ తర్వాత అమ్మాయి సర్వీసు నుంచి మెయిళ్లు పంపడం మానేసి, తన సొంత జీమెయిల్ నుంచి తనే రాయడం మొదలుపెట్టింది. వారానికి కొద్దిమందికే రాసేది. సబ్జెక్టులోనే ఇంటర్ పూర్తయ్యే సంవత్సరం, ఎడమచేతి వాటం, యూటీఆర్ రేటింగ్ (టెన్నిస్‌లో ఆట స్థాయిని చూపే అంకె), హైదరాబాద్ అని ఉండేది. నమూనాలో ‘మీ అద్భుతమైన జట్టు గురించి ఎంతో విన్నాను’ అన్న వాక్యం ఉండేది, అది అందరికీ వెళ్లేది. దాని స్థానంలో ఆ కాలేజీకే సరిపోయే మాట పెట్టింది. ఒక మెయిల్ మొదటి వాక్యాలు నాకు గుర్తున్నాయి: ‘మీ నంబర్ 2 డబుల్స్ జంటలో ఇద్దరూ 2025లో గ్రాడ్యుయేట్ అవుతున్నారు. నేను ఎడమచేతి వాటం, యాడ్ కోర్టులో (కోర్టు ఎడమ సగంలో) ఆడతాను. కింది వీడియోలో మొదటి ఆట డబుల్స్‌దే.’

ఈ డబుల్స్ మాట కాస్త నొక్కి చెబుతాను. అక్కడి జట్టు మ్యాచ్‌లో మూడు డబుల్స్, ఆరు సింగిల్స్ ఆడతారు. మన పిల్లలు ఆలిండియా టోర్నమెంట్లలో సింగిల్స్ ర్యాంకు కోసమే చూసుకుంటారు, వీడియోలూ అవే పెడతారు. డబుల్స్ వీడియో పెట్టాక మా అమ్మాయికి వచ్చిన జవాబుల తీరే మారిపోయింది. వీడియో కూడా పాటలు పెట్టి కట్ చేసింది కాకూడదు. బేస్‌లైన్ వెనక, కొంచెం ఎత్తులో ఫోన్ నిలబెట్టి, కోర్టు మొత్తం కనబడేలా, పోయిన పాయింట్లు కూడా ఉంచి రెండు గేములు తీస్తే చాలు.

చివరికి మా అమ్మాయి చేరినది ఒక డివిజన్ 3 కాలేజీ. వాళ్లకు మొదటి మెయిల్ సర్వీసు ద్వారానే వెళ్లింది. దాని చుక్క ఇవాళ్టికీ బూడిద రంగే. రెండో మెయిల్ అమ్మాయి స్వయంగా రాసింది. కోచ్ జవాబు మూడే వాక్యాలు: మొదటి మెయిల్ అందగానే చదివాననీ, అందులోని వీడియోలో టైబ్రేక్‌లో వెనకబడి ఉండి కూడా రెండో సర్వ్‌కు నెట్ మీదికి వెళ్లడం నచ్చిందనీ, మార్కుల మెమో పంపితే అడ్మిషన్ల ఆఫీసుకు ముందుగా చూపిస్తాననీ. ఆ ముందస్తు పరిశీలనను అక్కడ ప్రీ-రీడ్ అంటారు. డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. చదువును బట్టి, కుటుంబ ఆదాయాన్ని బట్టి వచ్చే సాయమే ఉంటుంది కాబట్టి ప్రీ-రీడ్ దగ్గరే సగం సంగతి తేలిపోతుంది. ఆ జవాబు వచ్చిన రాత్రి మా ఇంట్లో ఎవరికీ ఆకలి వేయలేదు, అంత ఆనందం.

ఇదివరకు ఈ సర్వీసును నేను చాలామంది దగ్గర మెచ్చుకున్నాను. ఆ మెప్పులో కొంత ఇప్పటికీ నిలుస్తుంది. డివిజన్ 3 కాలేజీలు, ఎన్‌ఏఐఏ అనే మరో సంఘం కాలేజీలు ఇన్ని ఉన్నాయని వాళ్ల జాబితా చూశాకే తెలిసింది. మన దగ్గర అలబామాలో ఆడిన సాకేత్ మైనేని, వర్జీనియాలో రెండుసార్లు ఎన్‌సీఏఏ సింగిల్స్ గెలిచిన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ పేర్లే వింటాం కాబట్టి పెద్ద యూనివర్సిటీలు తప్ప దారి లేదనుకుంటాం. జాబితా ఆ భ్రమ పోగొట్టింది. కాకపోతే అందులో అసిస్టెంట్ కోచ్‌ల పేర్లు వేసవి తర్వాత నమ్మలేం. వాళ్లు తరచూ మారుతుంటారు, అందుకే మెయిల్ పంపేముందు ఆ కాలేజీ సొంత పేజీలో పేరు సరిచూసుకోవాల్సిందే. ప్రొఫైల్ పేజీ బాగుందని కూడా అనేదాన్ని. మాకు రాసిన కోచ్‌లలో దాన్ని ప్రస్తావించినవాళ్లు లేరు. అందరూ మాట్లాడింది వీడియో, యూటీఆర్, మార్కుల గురించే.

మా పరిస్థితి వేరు అన్నది కూడా గుర్తుంచుకోండి. మా అమ్మాయి యూటీఆర్ 7 దాటింది కానీ 8కి చేరలేదు. ఆమె ఆడుతుంటే అమెరికా కోచ్ ఎవరూ నేరుగా చూసింది లేదు, అందువల్ల మాకు మెయిలే దిక్కు. పైగా మేం వెతికిన ఏడాదే డివిజన్ 1 టెన్నిస్ జట్టుకు 10 మంది పరిమితి చర్చకు వచ్చింది. ఎన్‌సీఏఏ మీద నడిచిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్‌తో, అందులో చేరిన కాలేజీలకు అది అమల్లోకి వచ్చింది. అంతకుముందు నెలల్లో మాకు రాసిన డివిజన్ 1 కోచ్‌లు కూడా ‘ఎంతమందిని ఉంచుకోగలమో ఇప్పుడే చెప్పలేం’ అన్నారు. మీ అబ్బాయో అమ్మాయో అంతకంటే పై స్థాయిలో ఉంటే, ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) జూనియర్ టోర్నమెంట్లు ఆడుతుంటే, లెక్క వేరు. కోచ్‌లే వెతుక్కుంటూ వస్తారు, సర్వీసు అవసరమే పడకపోవచ్చు.

ఇంగ్లీషులో రాయడానికి జంకే పిల్లలకు, కాలేజీల పేర్లే తెలియని ఇళ్లకు మొదటి ఏడాది చిన్న ప్యాకేజీ తీసుకోవచ్చనే అంటాను. మెయిళ్లు మాత్రం పిల్లల సొంత ఖాతా నుంచే, పిల్లల పేరుతోనే వెళ్లనివ్వండి. సర్వీసు తీసుకుంటే సెట్టింగ్స్‌లో ట్రాకింగ్ ఆపేసే వీలుందో లేదో డబ్బు కట్టకముందే అడగండి. మా దాంట్లో ఆ వీలు లేదు, అందుకే గడువు ముగిశాక రెన్యూ చేయలేదు. డల్లాస్‌లో ఉన్న మా తోడికోడలు తన కొడుకు కోసం ఇప్పుడు అదే సర్వీసు చూస్తోంది. వాళ్లబ్బాయి ఆడే టోర్నమెంట్లకు కోచ్‌లు వస్తారు, కాబట్టి తనకు నేను అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.