ఇల్లు వదిలే రాత్రి: పుట్టిల్లా, సఖి కేంద్రమా?

భర్త హింస భరించలేక ఇల్లు వదిలితే పుట్టింటికి వెళ్లాలా, హింసకు గురైన మహిళల కోసం ప్రభుత్వం పెట్టిన సఖి కేంద్రానికా? రెండింటినీ పోల్చి చూడండి.

ఖర్చు: పుట్టింటికి చార్జీలే. సఖిలో వసతి, భోజనం, వైద్యం, న్యాయ సలహా అన్నీ ఉచితం.

గడువు: పుట్టింట్లో లెక్క ఉండదు. సఖిలో సాధారణంగా 5 రోజులే, ఆపైన శక్తి సదన్ లాంటి వసతిగృహానికి పంపుతారు.

పిల్లలు: పుట్టింటికి అందరినీ తీసుకెళ్లొచ్చు. సఖిలో ఆడపిల్లలు ఏ వయసైనా సరే, మగపిల్లలకు వయసు పరిమితి ఉంటుంది. కొడుకుంటే ముందే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి అడగండి.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. పుట్టింటి అడ్రసు భర్తకు తెలుసు, తెల్లారేసరికి గుమ్మం ముందుంటాడు. వెనకే పెద్దమనుషులు, ‘సర్దుకుపోమ్మా’ అంటూ. విడిచి వెళ్లిన తొలి రోజుల్లోనే దాడి ముప్పు ఎక్కువ. సఖిలోనైతే పోలీసు సాయం అక్కడి నుంచే అందుతుంది. అయితే అతనికి పాస్‌వర్డ్ తెలిసిన జీమెయిల్ ఫోన్‌లో ఉంటే ఎక్కడున్నా జాడ దొరుకుతుంది. లొకేషన్ ముందురోజే ఆపితే అనుమానం వస్తుంది. బయల్దేరేటప్పుడే ఫోన్ స్విచాఫ్ చేయండి. 181, ఎమర్జెన్సీ నంబరు 112తో పాటు నమ్మకమైన ఒక నంబరు కాగితం మీద రాసుకోండి.

కాగితాలు: ఆధార్, పాస్‌బుక్, పిల్లల జనన ధ్రువపత్రాలు ఎక్కడికెళ్లినా కావాలి. జిరాక్సులు ముందే ఒక స్నేహితురాలి దగ్గర ఉంచండి.

కేసు: రెండుచోట్ల నుంచీ వేయొచ్చు. 2005 గృహహింస చట్టం ప్రకారం తాత్కాలికంగా ఉంటున్న ఊళ్లోనూ మేజిస్ట్రేటును ఆశ్రయించొచ్చు.

అన్నదమ్ములు గట్టిగా నిలబడేవాళ్లై, అతను ఇంతవరకూ చంపుతానని బెదిరించకపోతే పుట్టిల్లు. గొంతు నులిమినా, కత్తి చూపినా, పుట్టింటివాళ్లే వెనక్కి పంపే రకమైనా సఖి.