32 డాలర్ల మిలిటరీ హెల్మెట్: డిప్ప ఓకే, లోపలిదంతా మనమే మార్చుకోవాలి

మా వాడికి పద్నాలుగేళ్లు. పోయిన వేసవి సెలవుల్లో ఎయిర్‌సాఫ్ట్ పిచ్చి పట్టింది, అంటే ప్లాస్టిక్ గుండ్లు కొట్టే బొమ్మ తుపాకులతో ఆడే యుద్ధం ఆట. డాలస్‌లో మేముండే సబ్‌డివిజన్‌లో పెరడంటే ఒక గ్రిల్, రెండు కరివేపాకు కుండీలు, కంచె, అంతే. అక్కడ తుపాకీ బొమ్మ పట్టుకుని తిరిగితే పక్కింటావిడ పోలీసుల్ని పిలవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. అదృష్టం బాగుండి మా ఫ్రెండ్ ఒకడు సెలీనా అనే ఊరి అవతల రెండెకరాల్లో ఇల్లు కట్టుకున్నాడు, వెనకాల చెట్లు, ఒక పాత ట్రైలర్, గడ్డి మోపులు ఉన్నాయి. శనివారం పొద్దున్నే పిల్లలు ఏడెనిమిది మంది అక్కడ చేరతారు. మేం నాన్నలం కుర్చీలేసుకుని కూర్చుంటాం అనుకున్నాం గానీ రెండో వారానికల్లా మేమూ దిగిపోయాం.

హెల్మెట్ అవసరం ఎలా వచ్చిందంటే, మా వాడు ట్రైలర్ కింద దూరి, ఎవరో వస్తున్నారని కంగారుగా లేచాడు. ట్రైలర్ ఇనుప బద్ద నడినెత్తికి తగిలింది. ఉల్లిపాయంత బొప్పి. ఎయిర్‌సాఫ్ట్ గుండు తగిలితే చురుక్కుమంటుంది, ఎర్రగా కందుతుంది, అంతే, ఎందుకంటే అది 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు, 0.20 గ్రాముల బరువు, మా పిల్లల తుపాకులు సెకనుకి 300 అడుగుల లోపే కొడతాయి. తలలు పగిలేది గుండ్లతో కాదు, చెట్టుకొమ్మలతో, ట్రైలర్లతో, ఒకళ్లకొకళ్లు ఢీకొట్టుకోవడంతో.

సరే, ఆన్‌లైన్లో వెతికితే 'ఫాస్ట్' అనే మిలిటరీ రకానికి నకలు హెల్మెట్లు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. నేను తీసుకున్నది 32 డాలర్లది. అసలు ఫాస్ట్ హెల్మెట్ ఆప్స్-కోర్ వాళ్లది, నిజం తుపాకీ గుళ్లని ఆపే రకం కొనాలంటే వెయ్యి డాలర్ల పైమాటే. చెవుల దగ్గర పైకి కోసేసినట్టు ఉంటుంది కదా, అది స్టైల్ కోసం కాదు, సైనికులు చెవులకి హెడ్‌సెట్ పెట్టుకోవడానికి. పక్కల పట్టాలు (రెయిల్స్) లైట్లు తగిలించడానికి, నుదుటి మీద గాడి రాత్రి చూపు అద్దాలకి. మన నకలుకి ఇవన్నీ ఉన్నాయి, ఏబీఎస్ ప్లాస్టిక్‌లో. ఫోటోలో చూస్తే తేడా కనిపించదు. చేతిలోకి తీసుకుంటే మాత్రం పిల్లల బకెట్‌కి అన్నలా ఉంటుంది.

పెట్టె తెరవగానే గుప్పుమని రబ్బరు వాసన. రెండు రోజులు గరాజ్‌లో పెట్టాం. వంటింటి త్రాసు మీద 640 గ్రాములు తూగింది. డిప్ప గురించి మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు, ముందే చెబుతున్నా. మందంగానే ఉంది, రెండు వైపులా సమానంగా ఉంది, బొటనవేళ్లతో గట్టిగా నొక్కినా సొట్ట పడలేదు. ఖాళీ డిప్పని పది అడుగుల దూరం నుంచి మా వాడి తుపాకీతో ఇరవై సార్లు కొట్టి చూశాం, తెల్ల చుక్కలు పడ్డాయి, వేలితో రుద్దితే పోయాయి.

గోలంతా లోపల. స్పాంజి ముక్కలు ఏడు ఇచ్చారు. వాటిని రెండు వేళ్లతో నొక్కితే అప్పడంలా అణిగిపోతాయి, నొక్కడం ఆపాక కూడా అలాగే ఉంటాయి. వెనక తిప్పే డయల్ ఉంది, బిగించుకునేందుకు. 'టక్ టక్' అని నాలుగు పళ్లు తిరిగి, పరుగెత్తగానే జారి మొదటికి వస్తుంది. గడ్డం కింద బకిల్ అయితే ఘోరం. మూసేటప్పుడు మెడ దగ్గర చర్మాన్ని పట్టుకుని కొరికింది, వాడు వేసిన కేకకి ఆట ఆగిపోయింది. రెయిల్ బిగించిన బోల్టుల మొనలు లోపలికి పొడుచుకొచ్చి సరిగ్గా కణతల దగ్గర ఉన్నాయి. అంటే, వాడు మళ్లీ ట్రైలర్‌కి తల బాదుకుంటే ఇనుప బద్దకి బదులు ఈ బోల్టు దిగుతుంది!

వెనక్కి పంపించేద్దామనుకున్నాను. పంపలేదు, ఎందుకంటే ఇంతకంటే మంచిది కావాలంటే వంద దాటాలి, ఆ డబ్బుతో లోపలిదంతా నేనే మార్చుకోవచ్చనిపించింది.

ముందు ప్యాడ్లు. అమెరికా సైన్యం హెల్మెట్లకి వాడే ఏడు ముక్కల ప్యాడ్ల సెట్ లాంటిది 18 డాలర్లకి దొరికింది. ముప్పావు అంగుళం మందం, రెండు పొరలు, తలవైపు మెత్తన, డిప్పవైపు గట్టి. గుండ్రటిది నడినెత్తిన, ఒకటి నుదుటి దగ్గర, ఒకటి వెనక, మిగతా నాలుగు పక్కలకి. పక్క ముక్కల్ని కాస్త జరిపి, ఆ బోల్టు మొనల మీద కూర్చునేలా పెట్టాను. ముక్కకీ ముక్కకీ మధ్య వేలెడు సందు వదలాలి, లేకపోతే టెక్సస్ ఎండకి లోపల ఇడ్లీ పాత్రే. పట్టీ పెట్టుకోకుండా వాణ్ణి ముందుకి వంగి తల ఊపమన్నాను. పడలేదు. మొదటి రోజు ఇదే పరీక్ష చేస్తే హెల్మెట్ వెళ్లి కుక్క నీళ్ల గిన్నెలో పడింది.

ఈ ప్యాడ్ల గురించి వెతుకుతుంటే ఒక సంగతి తెలిసింది. ఇరాక్ యుద్ధం రోజుల్లో అమెరికా మెరైన్లకి ఇచ్చిన హెల్మెట్లలో ప్యాడ్లు కాదు, పట్టీల వల ఉండేది. మన టెక్సస్‌కే చెందిన రిటైర్డ్ నేవీ డాక్టర్ రాబర్ట్ మీడర్స్ మనవడు మెరైన్. ఆయన మనవడి కోసం మొదలుపెట్టి, 'ఆపరేషన్ హెల్మెట్' అని పెట్టి, విరాళాలు పోగుచేసి ప్యాడ్ల సెట్లు సైనికులకి పంపించాడు. షేర్ అనే అమెరికన్ గాయని కూడా డబ్బిచ్చింది, 2006లో వాషింగ్టన్‌లో అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారణకి ఆయనతో పాటు వెళ్లింది. అసలు సైన్యానికే లోపలి మెత్తల దగ్గర ఇంత గొడవైతే 32 డాలర్ల వాడి మీద నేనేం అలుగుతాను అనిపించింది.

ఇప్పుడు నా తెలివితక్కువ పని. జూలైలో హెల్మెట్‌ని కారు డిక్కీలో వదిలేశాను. సాయంత్రానికి లోపలి వెల్క్రో బిళ్లల జిగురు కరిగి, బిళ్లలన్నీ జారి ఒక మూలకి చేరాయి. డిప్పకి అంటుకున్న జిగురు వదలాలి కదా, మా ఆవిడ నెయిల్ పాలిష్ తుడిచే ద్రావకం సీసా కనపడింది. దూదితో రుద్దాను. జిగురు నిమిషంలో పోయింది. 'ఆహా' అనుకుంటూ బొటనవేలితో అక్కడ గట్టిగా నొక్కి చూశాను, వేలు అంటుకుంది. లాగితే నా వేలిముద్ర, గీతలతో సహా, ప్లాస్టిక్‌లో దిగిపోయింది. ఆధార్ కోసం మెషిన్ మీద ఎన్నిసార్లు పెట్టినా రాని ముద్ర ఇక్కడ ఒక్కసారికే వచ్చింది. ఆ ద్రావకంలో ఉండే అసిటోన్‌కి ఏబీఎస్ ప్లాస్టిక్ మెత్తబడిపోతుంది, ఇంజనీరింగ్ చదివిన మనిషికి తట్టాల్సిందే, తట్టలేదు. మీరు మాత్రం మందుల షాపులో దొరికే రబ్బింగ్ ఆల్కహాల్ వాడండి, ఓపిగ్గా రుద్దితే పోతుంది. ఆ తర్వాత ఎండకి తట్టుకునే రకం వెల్క్రో కొని అతికించి, ఒక రోజంతా ముట్టుకోకుండా వదిలేశాను. ఆగస్టు దాటింది, ఒక్క బిళ్ల కూడా ఊడలేదు.

గడ్డం పట్టీ, డయల్ కలిపి ఒకే సెట్‌గా 24 డాలర్లకి వచ్చాయి. నాలుగు చోట్ల బోల్టులు. పాతవి విప్పుతుంటే ఒకటి అక్కడక్కడే తిరిగింది తప్ప బయటికి రాలేదు, చివరికి కటింగ్ ప్లయర్‌తో తల కోయాల్సి వచ్చింది. కొత్తవి లోపలివైపు చదునైన తల ఉండేవి వేసి, కింద రబ్బరు వాషరు, బయట నైలాన్ లాక్ నట్ పెట్టాను. మరీ బిగించొద్దు, ప్లాస్టిక్‌కి నెర్రె పడుతుంది. బకిల్ వెనక చర్మానికి తగలకుండా మా అమ్మ, ఊరి నుంచి వచ్చి ఉంది, పాత బనీను గుడ్డతో చిన్న తొడుగు కుట్టిచ్చింది. కుడుతున్నంతసేపూ ఒకటే సణుగుడు, "ఇంత దూరం వచ్చింది చదివించడానికా, యుద్ధానికి పంపడానికా నాయనా?" అని. కుట్టు మాత్రం కంపెనీ వాళ్లకంటే గట్టిగా వేసింది.

రంగు అవసరం లేదు, కానీ వచ్చిన నలుపు మెరుపుకి చెట్ల మధ్య దూరం నుంచే తళుక్కుమనేది. 220 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి, ప్లాస్టిక్ మీద నిలిచే మ్యాట్ స్ప్రే రెండు రంగులు కొట్టాం, మట్టి రంగు, ఆకుపచ్చ. మొదటి పూత తడిగా ఉన్నప్పుడే సన్నటి ఇసుక టీ జల్లెడతో చల్లాం, ఆరాక పైన ఇంకో పూత. గరుకుగా, అసలు దానిలా వచ్చింది. "హెల్మెట్‌కి ఉప్మా రవ్వ చల్లుతున్నావేంట్రా" అని మా అమ్మ. ఆ టీ జల్లెడ గురించి మా ఆవిడకి ఇంకా చెప్పలేదు, కొత్తది కొని పాతదాని స్థానంలో పెట్టేశాను.

చెట్లలో కలిసిపోయేలా హెల్మెట్ మీద వల, దానికి గోనె పీలికలు కట్టడం మా వాడి ఐడియా. బాస్మతి బియ్యం జనపనార సంచుల్లో వస్తాయి కదా, జిప్‌తో, అవి మన ఇళ్లల్లో ఊరికే పడుంటాయి. ఒకటి కోసి, టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టి, పీలికలు చేసి వలకి ముడులేశాడు. ఖర్చు సున్నా, లుక్ మాత్రం అదిరింది. ఒక్కటే చిక్కు, పీచు రాలి కళ్లద్దాల మీద పడుతుంది, అందుకని ముందువైపు రెండు వరసలు పీకేశాం.

నుదుటి గాడికి కెమెరా తగిలిస్తే హెల్మెట్ ముక్కు మీదకి వాలుతుంది. వెనక వెల్క్రో సంచిలో నాలుగు పాత బ్యాటరీలు వేస్తే సమంగా నిలబడింది. అయితే మొత్తం బరువు కిలో దగ్గరికి వచ్చింది, గంట ఆడాక మెడ పట్టేసిందని వాడే కెమెరా తీసేశాడు. నా అభిప్రాయం అడిగితే కెమెరా, లైటు, పక్క రెయిల్‌కి తగిలించే సామాను అంతా దండగ. పైగా ఎడమ రెయిల్ కొంచెం వంకరగానే వచ్చింది, ఎంత సర్దినా ఊగుతూనే ఉంది, అలా వదిలేశాను.

డబ్బులు లెక్కేస్తే హెల్మెట్ 32, ప్యాడ్లు 18, పట్టీ సెట్ 24, వెల్క్రో 6, రంగులు 14. అన్నీ కలిపి 94 డాలర్లు. 'అయితే వంద పెట్టి మంచిదే కొనొచ్చుగా బావా' అని ఫ్రెండ్ అన్నాడు. నిజమే, రంగు మానేస్తే 80కే అయిపోతుంది, అయినా వాడి మాటలో తప్పులేదు. కానీ వాడు కొన్న 110 డాలర్ల దానికీ ప్యాడ్లు మార్చాల్సే వచ్చింది, ఆ సంగతి వాడు ఎవరికీ చెప్పడు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. హెల్మెట్ కంటే ముందు కళ్లజోడు కొనండి. గట్టి దెబ్బకి తట్టుకుంటాయని తెలిపే 'జడ్87+' (Z87+) ముద్ర ఉండే, చుట్టూ మూసుకునే రకం గాగుల్స్. తలకి గుండు తగిలితే నవ్వుకుంటాం, కంటికి తగిలితే జీవితాంతం అనుభవించాలి. మా స్థలంలో కళ్లజోడు తీసిన వాడు, ఎంత ఆవిరి పట్టినా సరే, ఆ రోజుకి ఆట నుంచి అవుట్. పళ్ల కోసం కింది సగం మొహానికి ఇనుప జాలీ మాస్క్ కూడా ఉంది, 12 డాలర్లు. హెల్మెట్ అంచు గాగుల్స్ పైన వేలెడు ఎత్తులో కూర్చోవాలి. చాలామంది పిల్లలు టోపీలా వెనక్కి నెట్టి పెట్టుకుంటారు, అప్పుడు నుదురంతా ఖాళీ.

ఇంకొకటి, దీన్ని సైకిల్‌కి, స్కూటర్‌కి పెట్టుకోనివ్వకండి. సైకిల్ హెల్మెట్‌లో ఉండే గట్టి థర్మకోల్ పొర ఇందులో లేదు, పడితే దెబ్బని పీల్చుకునేది ఏమీ లేదు, నేను వేసిన ప్యాడ్లు కూడా ఆ పనికి చాలవు. మా వాడు ఒక రోజు దీంతోనే సైకిలెక్కి వీధి చివరిదాకా వెళ్లొచ్చాడు, వారం రోజులు ఆట బంద్ చేశాను.

స్టార్లు ఇవ్వాలంటే డిప్పకి నాలుగు, లోపలి సామానుకి ఒకటి, అదీ వాసన పోయాక. అమ్మినవాడు బకిల్ గురించి రాస్తే కొత్తది పంపిస్తానన్నాడు, రెండు నెలలైంది, రాలేదు. అయినా నిన్ననే ఇంకోటి ఆర్డర్ పెట్టాను, ఈసారి మా అమ్మాయికి, పదకొండేళ్లు, తల చుట్టుకొలత 53 సెంటీమీటర్లు. దానికి పర్పుల్ రంగు కావాలట. పాత హెల్మెట్ లోపల నా బొటనవేలి ముద్ర చూసి, తన దాంట్లో కూడా ఒకటి వేయమంటోంది.