పాటల పోటీలో తోటివారి సమీక్ష: తెర ఉన్నప్పుడు, తెర తీశాక

ఆన్‌లైన్ పాటల పోటీలో ఎలా చేరాలో, ట్రాక్ ఎలా ఎక్కించాలో, గెలిస్తే ఏమిస్తారో ఇక్కడ చెప్పబోవడం లేదు. అవన్నీ నిబంధనల్లో ఉన్నాయి, చదివేవాళ్లు చదువుతారు. నేను రాయదలచుకున్నది ఒక్క గడి గురించి. ఈ పోటీలో పాట ఇచ్చిన ప్రతివారూ తమకు కేటాయించిన ఐదు పాటలపై సమీక్ష రాసి తీరాలి. ఆ సమీక్ష ఫారంలో, వ్యాఖ్య రాసే చోటు పక్కనే ‘ఎక్కడ?’ అనే చిన్న గడి ఉంటుంది. పాటలో ఏ నిమిషం, ఏ సెకను అన్నది అందులో వేస్తే తప్ప వ్యాఖ్య ముందుకు పోదు. ఇన్ని సీజన్లుగా ఇక్కడే ఉండిపోయానంటే ఆ గడి పుణ్యమే. ఈ మధ్య విసుక్కుంటున్నానంటే, దాని విలువను నిర్వాహకులే చేజేతులా తగ్గించినందుకు.

సరదాకు పాటలు కట్టేవాళ్లకు ఎలాంటి అభిప్రాయాలు దొరుకుతాయో తెలిసిందే. ఇంట్లోవాళ్లు బాగుందంటారు, స్నేహితులు చాలా బాగుందంటారు. సంగీతం కాస్త తెలిసినవాళ్లయితే ‘ఫీల్ తగ్గింది’ అని తల ఆడిస్తారు. ఎక్కడ తగ్గిందయ్యా అంటే ‘మొత్తంగా’ అంటారు. ఈ ‘మొత్తంగా’తో ఏ పాటా బాగుపడదు. ‘ఎక్కడ?’ గడి ఆ దారిని మూసేసింది. సాహిత్యంలో బిగువు లేదని రాయాలనుకున్న మనిషి ఇప్పుడు పాటను వెనక్కి తిప్పి, బిగువు ఎక్కడ సడలిందో వెతకాలి. వెతికితే చాలాసార్లు అభిప్రాయమే మారిపోతుంది. ఒకరి పాటలో రెండో చరణం సాగదీసినట్టుందని రాయబోయాను. సెకను వేద్దామని మళ్లీ వింటే చరణం చక్కగానే ఉంది, సాగింది దాని ముందున్న వాయిద్యాల బిట్టు. ఆ గడి లేకపోతే పాపం ఆయన చరణాన్ని తెగ్గోసేవారేమో.

దీనికి తోడు మొదట్లో ఇంకో ఏర్పాటు ఉండేది. మీ సమీక్ష పంపేవరకు మిగతావాళ్లు ఏం రాశారో మీకు కనబడదు. తెర అంటే అదే. ఆ తెర ఎంత పని చేసేదో నాకు ఒక పాటతో తెలిసింది.

అది బాణీ ముందు పుట్టిన పాట. తత్తకారాలు పాడుకుంటూ ట్యూన్ ఖాయం చేసుకుని, తరువాత మాటలు కూర్చాను. గిటార్, ఒక మృదువైన రిథమ్, నా గొంతు, అంతే. పల్లవి మీద కొంచెం అనుమానం ఉండేది గానీ చరణం మీద లేదు. సమీక్షలు తెరుచుకున్నాక చూస్తే పల్లవి జోలికి ఎవరూ పోలేదు. ఐదుగురిలో నలుగురు చరణంలో ఒకే చోట వేలు పెట్టారు. ఒకరు 1:12 అన్నారు, ఒకరు 1:11, మిగతా ఇద్దరు ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ. ఐదో మనిషి ఆరంభంలోని రెవర్బ్‌ను, అంటే గొంతుకు జోడించిన ప్రతిధ్వనిని, మెచ్చుకుని వెళ్లిపోయారు.

చోటు ఒకటే గానీ, నలుగురి మాటా నాలుగు దారులు. ఇక్కడ గిటార్ గొంతును మింగేస్తోంది, తగ్గించండి అన్నది ఒకరి సలహా. మాటలు కిక్కిరిసిపోయాయి, ఒక పదం తీసేయండి అన్నారు ఇంకొకరు. బాణీ కిందికి జారింది, పై స్వరానికి తీసుకెళ్లి ఉంటే పాట లేచేది అన్నది మూడోది. నాలుగోది ఒక్క వాక్యం: ‘ఎందుకో తెలియదు, ఇక్కడ నా ధ్యాస పాట మీది నుంచి పోయింది.’ ఈ నాలుగింటినీ ఒకేసారి పాటించడం కుదరదు. ఒక్కొక్కటే చేసి చూశాను. గిటార్ తగ్గిస్తే గొంతు స్పష్టంగా వినబడింది గానీ ఆ ఇబ్బంది అలాగే ఉంది. పదం తీసేస్తే పంక్తి కుంటింది. స్వరం పెంచితే అక్కడికి చేరేసరికి నా గొంతు చిట్లింది.

చివరికి మిగతా ట్రాకులన్నీ మూసేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని గొంతును ఒక్కదాన్నే విన్నాను. అప్పుడు దొరికింది. అంతకుముందు పంక్తి చివర ఒక దీర్ఘస్వరం ఉంది. అది ఎక్కడా ఆగకుండా నేరుగా ‘పున్నమి వెన్నెల తడిపిన దారుల’ అన్న పంక్తిలోకి దూకుతుంది. అక్కడికి వచ్చేసరికి నా దగ్గర ఊపిరి లేదు. ‘వెన్’ దగ్గర దొంగచాటుగా ఒక గుక్క పీల్చి, ‘నెల’ అని అందుకున్నాను. అన్ని వాయిద్యాలతో కలిపి వింటే ఆ గుక్క వినబడదు, మాట విరిగినట్టూ తెలియదు. కానీ చెవి అక్కడ ఒక్క క్షణం తడబడుతుంది. ఆ తడబాటుకు ఒకరు గిటార్‌ను, ఒకరు మాటలను, ఒకరు బాణీని బాధ్యులను చేశారు. నేను చేసిన మార్పు ఇదీ: ముందు పంక్తిలోని దీర్ఘాన్ని ఒక్క అక్షరకాలం కుదించాను. ఆ ఖాళీలో ఊపిరి తీసుకున్నాను. మాట మారలేదు, స్వరం మారలేదు, గిటార్ మొదటి స్థాయికే తిరిగి వచ్చింది. సవరించిన పాటను తరువాతి దశకు పంపితే ఆ చోట ఒక్కరూ గుర్తు పెట్టలేదు.

అప్పటి నుంచి సమీక్షలు చదివే పద్ధతే మారిపోయింది నాకు. ఎక్కడ నొప్పి ఉందో వినేవాళ్లు కచ్చితంగా చెబుతారు. ఎందుకు, ఏం చేయాలి అన్నవి మాత్రం ఎవరికి తెలిసిన విద్యలోంచి వాళ్లు చెబుతారు. గిటార్ వాయించేవాళ్లకు గిటార్, కవులకు మాటలు. అందుకే ఆ నలుగురిలో నాకు ఎక్కువ మేలు చేసింది ‘ఎందుకో తెలియదు’ అన్న మనిషే. ఆ వ్యాఖ్యకు ‘ఉపయోగకరం’ అన్న గుర్తు ఒక్కటి కూడా పడలేదు, నేను వేసినది తప్ప.

అయితే ఇదంతా చెల్లుబాటు కావడానికి ఒక షరతు ఉంది. ఆ నలుగురూ ఒకరి వ్యాఖ్య ఒకరు చూసి ఉండకూడదు. 2006లో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగం గురించి రాశారు. అంతగా పేరు లేని బృందాల పాటలు 48 తీసుకుని, 14 వేల మందికి పైగా జనానికి వినిపించారు. కొందరికి పాటల, బృందాల పేర్లు మాత్రమే చూపారు. మిగతావాళ్లను ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది దించుకున్నారో కూడా చూపారు. అంకెలు కనబడిన గుంపుల్లో పెద్ద పాటలు మరీ పెద్దవయ్యాయి, చిన్నవి మరీ చిన్నబోయాయి. పైగా ఒక గుంపులో పైకి తేలిన పాట ఇంకో గుంపులో తేలలేదు. మరీ మంచి పాటలు అట్టడుగుకు పోవడం, మరీ పేలవమైనవి నెగ్గడం అరుదే గానీ, మధ్యలో ఉన్నవాటి గతి ఎటైనా పోవచ్చని తేలింది. మనలాంటివాళ్ల పాటలన్నీ ఆ మధ్యలోవే కదా.

ఇంత తెలిసిన సంగతిని పక్కన పెట్టి, కొన్ని సీజన్ల కిందట తెర తీసేశారు. సభ్యుల మధ్య సంభాషణ పెరగాలట. ఇప్పుడు పాట మొదలు పెట్టగానే, కింద సాగే ధ్వని గీత మీద ముందు వచ్చినవాళ్ల గుర్తులన్నీ చిన్న జెండాల్లా నిలబడి ఉంటాయి. వేలు పెడితే వ్యాఖ్య కనబడుతుంది. సంభాషణ పెరిగిన మాట నిజమే. కానీ పాట ఆ జెండా దగ్గరికి చేరకముందే, అక్కడ ఏదో తప్పుందని చెవికి ముందే కబురు అందిపోతోంది. నా ఈ మధ్య పాటలో రెండో చరణం మొదట్లో జెండాలు గుత్తిగా పడ్డాయి. ఆశగా తెరిచాను. మొదటి మనిషి కీబోర్డు టోన్ నచ్చలేదన్నారు. మిగతావాళ్లు ‘పై అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను’ అన్నారు. తెర ఉన్న రోజుల్లో ఒకే చోట నాలుగు గుర్తులంటే నలుగురు విడివిడి సాక్షులు. ఇప్పుడు ఒక్కరే సాక్షి, మిగతా ముగ్గురూ విన్న మాట చెప్పేవాళ్లు. కీబోర్డు టోన్ నిజంగానే బాగాలేదేమో, నాకు తెలిసే మార్గం లేదు.

గడిని ఇంతసేపు పొగిడాను గానీ, తెర ఉన్నప్పుడు కూడా దానితో చిక్కులు లేకపోలేదు. చోటు చూపగలిగిన తప్పులే సమీక్షలోకి వస్తాయి. 0:03 దగ్గర గాలి చప్పుడు, 0:21 దగ్గర ‘ప’ అక్షరం మైకులో పేలింది, ఇలాంటివి దండిగా దొరుకుతాయి. ప్రతి సెకనూ సవ్యంగానే ఉండి, అసలు ఈ పాట ఎవరికోసం పుట్టిందా అనిపించే పాటకు ఈ ఫారంలో చోటు లేదు. కొందరు దానికీ ఉపాయం కనిపెట్టారు: 0:00 అని వేసి మనసులో మాట రాస్తారు. కొంతకాలంగా నేను 0:00 వ్యాఖ్యలనే ముందు చదువుతున్నాను. మొదట్లో వెక్కిరించిన ఆ ‘మొత్తంగా’యే వేరే దారిలో తిరిగి వచ్చిందనుకోండి. ఇలా నిబంధనను తప్పించుకుని మరీ రాసేవాళ్లు మాత్రం సాధారణంగా ఆలోచించే రాస్తారు.

మార్కుల గురించి ఎక్కువ చెప్పను. పేర్లు దాచి ఉంచుతారు కాబట్టి కక్షతో తక్కువ వేయడం పెద్దగా లేదు. ఒక్కొక్కరికి పాటలు ఒక్కో వరుసలో వినిపించడం మాత్రం మెచ్చుకోవాలి. బ్రస్సెల్స్‌లో జరిగే క్వీన్ ఎలిజబెత్ సంగీత పోటీలో చివరి రోజుల్లో వాయించినవారికి మెరుగైన స్థానాలు దక్కుతున్నాయని 1996లో ఫ్లోరెస్, గిన్స్‌బర్గ్ అనే పరిశోధకులు లెక్క తీసి చూపించారు. అంతటి పోటీలోనే వరుస అంత పని చేస్తే, మనది ఎంత? కానీ ధ్వని స్థాయి విషయంలో ఇదే శ్రద్ధ లేదు. చిన్నగా వింటే చెవికి మంద్రధ్వనులు తగ్గి వినబడతాయని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చెప్పారు. అంటే అదే మిక్సింగ్‌ను కాస్త పెద్దగా ఎక్కిస్తే నిండుగా అనిపిస్తుంది, మార్కులూ నిండుగా పడతాయి. యూరప్ ప్రసార సంస్థల సంఘం ఈ గొడవ పడలేక 2010లోనే మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత పెద్దగా వినబడుతుందో కొలిచే ప్రమాణం) అని ఒక స్థాయి సిఫారసు చేసింది. ఈ పోటీ ఇప్పటికీ ఎవరి పాటను వాళ్లు పంపిన స్థాయిలోనే వినిపిస్తోంది. ఫోనులో రికార్డు చేసి పంపేవాళ్లు ఇక్కడే సగం వెనకబడిపోతారు.

పోటీ గోలే వద్దు, రాసే ఊపు వస్తే చాలు అనుకునేవాళ్లకు 2004 నుంచి నడుస్తున్న ‘ఫిబ్రవరి ఆల్బమ్ రైటింగ్ మంత్’ ఉంది. 28 రోజుల్లో 14 పాటలు, గెలుపోటములు లేవు. అక్కడ వ్యాఖ్యలు వెన్ను తట్టే తరహాలో ఉంటాయి. నాకు కావలసింది అది కాదు, అంతే.

నా సంగతి వేరని కూడా చెప్పాలి. నాకు బృందం లేదు, పక్కన కూర్చుని వాయించే మనిషి లేడు, గొంతు అంతంతమాత్రం. గెలవాలని కాదు, పాటను బాగుచేసుకోవాలని చేరాను. నాలాంటివాళ్లకు ఈ పోటీ, తెర తీసేశాక కూడా, ఖర్చు చేసిన సమయానికి న్యాయం చేస్తుందనే అనుకుంటున్నాను, కాకపోతే ముందున్నంత ధీమాగా ఎవరికీ చెప్పలేను. పాట మధ్యలో చెయ్యెత్తి ‘ఇదిగో, ఇక్కడ’ అని ఆపే మనిషి మీ దగ్గరే ఉంటే ఇది మీకు అక్కర్లేదు. బహుమతి కోసమే అయితే ముందు మంచి మైకు కొనుక్కోండి.

ఇవేవీ కాక ఊరికే చేరి చూద్దామనుకుంటే ఒక చిన్న పద్ధతి పాటించండి. సమీక్షించేటప్పుడు ఫోను తెర ఆపేసి చెవితోనే వినండి, తట్టిన చోట పక్కన గడియారం చూసి సెకను కాగితం మీద రాసుకోండి, ఆ తరువాతే జెండాలు చూడండి. మా గుంపులో కొందరం ఇలాగే చేస్తున్నాం. మీ పాటకు వచ్చినవాటిలో మాత్రం ప్రతి వ్యాఖ్య కింద అది వచ్చిన వేళ ఉంటుంది, అన్నిటికంటే ముందు వచ్చినదాన్ని మొదట చదవండి. మొదటి జెండాకు దూరంగా, ఒంటరిగా నిలబడిన జెండా ఏదైనా ఉంటే అది రెండోది.