కార్కసోన్: కోట అక్కడ చూడండి, భోజనం దారిలో చేయండి

దక్షిణ ఫ్రాన్స్‌లోని కార్కసోన్ కోట ఎంత గొప్పదో, ఆ కోట సందుల్లో పెట్టే కసూలే అనే స్థానిక వంటకం చాలాచోట్ల అంత నాసిరకం. బాతు మాంసం, సాసేజ్, తెల్ల బీన్స్ గింజలు మట్టిపాత్రలో గంటల తరబడి మగ్గి, పైన గోధుమరంగు పెచ్చు కట్టాలి. ఇరవై యూరోలు పుచ్చుకుని పల్చటి పులుసులో గింజలు తేలే గిన్నె తెచ్చిపెడితే కడుపు మండదా?

విరుగుడు రైలు దారిలోనే ఉంది. తులూజ్ నగరంలోని మతాబియో స్టేషన్లో టీఈఆర్ (ప్రాంతీయ రైలు) ఎక్కితే కార్కసోన్‌కి దాదాపు గంట. మధ్యలో వచ్చే కస్తెల్‌నోదరి కసూలేకి పుట్టిల్లు తానేనని చెప్పుకునే ఊరు. అక్కడ ఆగే బండి చూసుకుని, టికెట్ రెండు ముక్కలుగా కొనండి. పన్నెండుకల్లా దిగాలి, రెండు దాటితే వంటగది మూసేస్తారు. మంచినీళ్లకు సీసా కొనక్కర్లేదు, ‘కరాఫ్ దో’ అంటే కుళాయి నీళ్లు ఊరికే ఇస్తారు. శాకాహారులు దీని జోలికి పోవద్దు. మాంసం ఏరేస్తే సరిపోదు, గింజలు ఉడికేదే పంది తోలుతో, బాతు కొవ్వుతో.

అదే దారిలో తిరిగే ఎంతర్‌సితే అనే దూరప్రయాణపు బండ్లలో టీఈఆర్ టికెట్ చెల్లదు, సీటు రిజర్వేషన్ తప్పనిసరి. సమ్మె ఉందేమో ముందురోజు సాయంత్రమే చూసుకోండి.

కార్కసోన్ స్టేషన్ ఎదుటే కెనాల్ దు మిది. కాలువ దాటి, కింది ఊరు మీదుగా, పాత వంతెనపై ఓద్ నది దాటి కోటకు అరగంట నడక. ఓద్ ద్వారం వైపు ఎక్కుడు నిటారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు వెంట ఉంటే నార్బోన్ ద్వారం వైపు తీసుకెళ్లండి, లేకపోతే ఆ పూటంతా సణుగుడే. గది కింది ఊళ్లోనే మేలు. కోటలో దిగితే ఆ రాళ్ల బాటల మీద పెట్టె చక్రాలు బతకవు.

కోటలోకి రాత్రయినా పగలైనా ప్రవేశం ఉచితం. టికెట్ కొనాల్సింది లోపల ఒకప్పటి పాలకులైన కౌంట్లు ఉన్న చిన్నకోటకు, ప్రాకారాల పైనడకకే. 18 ఏళ్ల లోపు పిల్లలకు అదీ ఉచితమే. నవంబరు నుంచి మార్చి దాకా నెల మొదటి ఆదివారం అందరికీ ఉచితం. టికెట్ లేకుండానే రెండు ప్రాకారాల మధ్య ఖాళీలో చుట్టూ తిరగొచ్చు, నిజానికి అసలు కోట అక్కడే తెలుస్తుంది: లోపలి గోడ అడుగున చిన్న రాళ్ల మధ్య ఎర్ర ఇటుక వరసలు కనిపిస్తే అది రోమన్ల నాటి పని. బురుజుల మీది మొనదేలిన పలక కప్పులు మాత్రం 1853లో మొదలైన, వాస్తుశిల్పి వియొలే ల్యు డుక్ చేయించిన మరమ్మతుల నాటివి. ఇక్కడి తీరు కాదని అప్పట్నుంచీ తిట్లే. కానీ 1849లో కూల్చివేతకు సిద్ధమైన కోట ఇది. ఆ తిట్లలో సగం తగ్గించుకోవచ్చు.

మంగళ, గురు, శని ఉదయాల్లో వస్తే కింది ఊరి కార్నో కూడలిలో సంత ఉంటుంది. రొట్టె, చీజ్, పళ్లు అక్కడే కొనుక్కుని పైకి ఎక్కండి. శాకాహారులకు ఇంతకంటే మంచి భోజనం కోటలో దొరకదు.